చీటీలో రాసిన పొద్దు

షుగర్ మందుల చీటీ మీద గోలీ పేరు పక్కన మూడు అంకెలుంటాయి: 1–0–1. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. మందుల షాపులో కవరు మీద కూడా అవే గీతలు గీసి ఇస్తారు. తెల్లవారితే లేచి, పగలు పనిచేసి, రాత్రి పడుకునే మనిషి చేతికే ఈ చీటీ పోతుందనే నమ్మకం ఆ అంకెల వెనుక ఉంది. పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్, రుద్రారం దాకా, పాశమైలారం నుంచి బొల్లారం, బొంతపల్లి దాకా పరుచుకున్న ఫ్యాక్టరీల్లో ఆ నమ్మకం నిలవదు. ఇక్కడ కాలాన్ని ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అని కొలుస్తారు. ఈ వారం పొద్దున ఆరింటికి పని ఎక్కిన మనిషి ఇంకో వారం రాత్రి పదింటికి ఎక్కుతాడు. సి షిఫ్టు దిగి గదికి చేరేసరికి ఊరందరికీ తెల్లవారుతుంది, అతనికి మాత్రం పడుకునే వేళవుతుంది. అప్పుడు ‘పొద్దున ఒకటి’ అంటే ఎవరి పొద్దు? ఈ ప్రశ్న చిన్నదే. అయినా టైప్ 2 మధుమేహం విషయంలో మనం చేస్తున్న పెద్ద పొరపాటు ఇందులోనే ఉందని నా వాదన. జబ్బును రోగికి అర్థం చేయించడమంటే నాలుగు జాగ్రత్తలు అప్పజెప్పి పంపడం అనుకుంటున్నాం. ముందు అతని రోజు ఎట్లా గడుస్తుందో మనం తెలుసుకోవాలి, ఆ రోజులో ఇమిడే లెక్కను అతనికి నేర్పాలి. అదే వైద్యం. గోలీ దానికి తోడు.

పరీక్ష దగ్గరే తడబాటు మొదలవుతుంది. పరగడుపు షుగర్ అంటే కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకుండా ఇచ్చే రక్తం. రాత్రి రెండింటికి క్యాంటీన్‌లో అన్నం తిని, నాలుగింటికి చాయ్ తాగి, ఏడింటికి దారిలో ల్యాబు దగ్గర ఆగి రక్తమిచ్చిన కార్మికుడు ‘పొద్దుగాల ఏం తినలేదు’ అంటాడు. అందులో అబద్ధం లేదు, అతని లెక్కలో ఆ భోజనం నిన్నటిది. రిపోర్టులో పెద్ద అంకె చూసి మందు పెంచితే, వచ్చే వారం పగటి షిఫ్టులో అదే మోతాదు అతన్ని పడేయవచ్చు. ఈ చిక్కు లేని పరీక్ష ఒకటుంది, హెచ్‌బీఏ1సీ. ఎర్రరక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్లూ రక్తంలోని గ్లూకోజు దానికి అంటుకుంటూ పోతుంది కాబట్టి గడిచిన రెండు మూడు నెలల సగటు అందులో కనిపిస్తుంది. జనం దీన్ని ‘మూడు నెలల షుగర్’ అంటారు, వైద్యులు పెట్టిన పేరు కన్నా ఇదే మంచి పేరు. దీనికి పరగడుపు అక్కర్లేదు, ఏ షిఫ్టు దిగి వచ్చినా ఇవ్వవచ్చు. రక్తహీనత ఉన్నవాళ్లలో ఈ అంకె దారి తప్పే మాట నిజమే, అది డాక్టరు చూసుకోవలసిన సంగతి. అయినా షిఫ్టుల్లో పనిచేసే మనిషికి నమ్మదగిన కొలత ఇదేనని ఎవరో ఒకరు అతన్ని కూర్చోబెట్టి చెప్పాలి కదా.

గోలీల సంగతీ అంతే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ మరీ పడిపోయే భయం చాలా తక్కువ. దాన్ని తిండితో పాటు వేసుకోమనేది కడుపులో వికారం, విరేచనాలు తగ్గడానికి. గ్లిమెపిరైడ్ వంటివి వేరు. అవి క్లోమాన్ని తట్టి ఇన్సులిన్‌ను బయటికి పంపిస్తాయి, ఆ వేళకు కడుపులో తిండి పడిందా లేదా అని చూడవు. మన దగ్గర ఈ రెండూ కలిపిన గోలీ బాగా వాడకంలో ఉంది. సి షిఫ్టు దిగిన మనిషి చీటీలో రాసిన మాట మీద గౌరవంతో పొద్దున ఎనిమిదింటికి ఆ గోలీ మింగి, ఏమీ తినకుండా నిద్రపోతే ఏమవుతుంది? చెమటలు, వణుకు, గుండెదడ, మసక చూపు షుగర్ పడిపోతోందని చెప్పే గుర్తులు. నిద్రలో అవి అందవు. మేలుకుని ఉన్నా బాయిలర్ పక్కన, ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద అందరికీ చెమటలే, తన చెమట జబ్బుదని పోల్చుకోవడం కష్టం. అందుకే ఇతనికి కావలసింది గడియారం లెక్క కాదు, పళ్లెం లెక్క. ఏ గోలీ తిండితో ముడిపడి ఉంది, తిండి తప్పితే ఏది ఆపాలి అన్నది డాక్టరు దగ్గర తేల్చుకుని, ఒక్కో షిఫ్టుకు ఒక్కో వరస రాయించుకోవాలి. జేబులో మూడు చెంచాల చక్కెర పొట్లం ఉండాలి. అది సుమారు 15 గ్రాములు. గుర్తులు కనిపించగానే నోట్లో వేసుకుని, పావుగంట ఆగి, తగ్గకపోతే మళ్లీ వేసుకోవాలి. షుగర్ రోగి జేబులో చక్కెర ఎందుకో పక్కన పనిచేసేవాడికి కూడా తెలిసి ఉండాలి. లేకపోతే ‘తాగి వచ్చాడు’ అనే మాట ముందు పుడుతుంది.

రాత్రిపూట పనికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం ఊహ కాదు. షిఫ్టు పని మీద జరిగిన 12 అధ్యయనాలను, రెండు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన 2015 నాటి విశ్లేషణ ఒకటుంది. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లందరినీ కలిపితే మధుమేహం వచ్చే అవకాశం 9 శాతం ఎక్కువని, మారుతూ ఉండే షిఫ్టుల్లో పనిచేసేవాళ్లలో అది 42 శాతం ఎక్కువని తేలింది. దేశం మొత్తం మీద 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే ప్రకారం 10 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప మీద ఉన్నారు. ‘నేను లావు లేను, నాకెందుకు వస్తుంది’ అనుకోవడం ఇక్కడ మామూలు. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏళ్ల తరబడి చూపిస్తూ వచ్చింది ఈ భ్రమనే. మనవాళ్లు చూపులకు బక్కగా ఉన్నా ఒంట్లో కొవ్వు వాటా ఎక్కువ, కండ తక్కువ. బస్తాలు మోసే మనిషికి షుగర్ ఏమిటని ఆశ్చర్యపోయే ముందు ఆ బస్తాలు మోసేది ఏ వేళలో, ఆ మనిషి నిద్రపోయేది ఎన్ని గంటలు, తినేది ఏమిటి అని అడగాలి.

‘అంతగా చదువుకోని వాళ్లకు ఈ లెక్కలన్నీ ఎక్కడ తలకెక్కుతాయి’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. చెప్పేవాళ్ల ఓపిక తక్కువను వినేవాళ్ల తెలివి తక్కువగా చూపించే మాట ఇది. ఈ ప్రాంతంలో మందుల కంపెనీల్లో, రసాయనాల ప్లాంట్లలో పనిచేసేవాళ్లు గంట గంటకూ రీడింగ్ చూసి లాగ్‌షీట్‌లో రాస్తారు. రియాక్టరు వేడి ఎంత, పీడనం ఎంత, ఏ గీత దాటితే ఏ వాల్వు తిప్పాలి అన్నది వాళ్ల చేతివేళ్లకు తెలుసు. బాయిలర్‌లో పీడనం పెరిగితే ముందుగా శబ్దం రాదు, గేజి చూస్తేనే తెలుస్తుంది. శబ్దం వచ్చేసరికి ఆలస్యమైపోతుందని వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. షుగర్ కూడా నొప్పి లేకుండా పెరుగుతుంది, గేజి చూస్తేనే తెలుస్తుంది. పైపులో పొలుసు కట్టినట్టు సన్న రక్తనాళాలు పాడవుతాయి, ముందుగా కంటి వెనుక, కిడ్నీలో, పాదాల్లో. బాగా నడుస్తున్న మిషన్‌ను కూడా తేదీ ప్రకారం ఎందుకు ఆపి చూస్తారో తెలిసిన మనిషికి, ఏ బాధా లేనప్పుడు ఏడాదికొకసారి కంటిపరీక్ష ఎందుకో రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. అతని పనిలోంచే మాట తీసుకుంటే చాలు. ఇన్సులిన్ తాళంచెవి, కణం తలుపు అని గోడ మీద అంటించిన బొమ్మ కన్నా ఒక పాత లాగ్‌షీటు మంచి పాఠ్యపుస్తకం.

తిండి దగ్గరికి వస్తే మాట మరింత జాగ్రత్తగా ఉండాలి. ‘అన్నం మానెయ్, జొన్న రొట్టె తిను’ అనేది ఈ ప్రాంతంలో అందరూ చెప్పే సలహా. అందులో కొంత నిజముంది, ఆ నిజానికి పుట్టిల్లు కూడా ఇక్కడే. 1972లో పటాన్‌చెరు దగ్గర పెట్టిన ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జల మీద పరిశోధన యాభై ఏళ్లు దాటింది. ఆ సంస్థ నాయకత్వంలో 2021లో వచ్చిన విశ్లేషణ 11 దేశాల అధ్యయనాలను వడపోసింది. రోజూ చిరుధాన్యాలు తిన్న మధుమేహ రోగుల్లో రక్తంలో గ్లూకోజు 12 నుంచి 15 శాతం దాకా తగ్గిందని చెప్పింది. ఇదే జిల్లాలో జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు 1980ల నుంచి ఆ పంటలను, విత్తనాలను కాపాడుకుంటూ వస్తున్నారు. ఇంత ఉన్నా ఫ్యాక్టరీ కార్మికుడి టిఫిన్ డబ్బాలోకి జొన్న ఎందుకు రాదు? పిండి తడిపి రొట్టె తట్టడానికి కట్టెలో గ్యాసో, ఓపికో, ఇంట్లో ఒక మనిషో కావాలి. ఒక గదిలో నలుగురు ఉండి వంతులవారీగా వండుకునే చోట కుక్కర్‌లో బియ్యం పెట్టడమే కుదిరే పని. ఇంకో సంగతి ఉంది. తెల్లబువ్వ ఈ నేల మీద మొన్నమొన్నటి దాకా పండగ తిండి. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం నుంచి 2025 ఉగాదికి మనిషికి 6 కిలోల చొప్పున మొదలైన రేషన్ సన్నబియ్యం దాకా, అన్నం పేదవాడి హక్కుగా గెలుచుకున్నది. దాన్ని ఒక్క మాటతో విషం చేసి చెబితే ఆ మాట చెవికెక్కదు, ఎక్కకూడదు కూడా.

పైగా ధాన్యం మార్చితే చాలనుకోవడం సగం నిజమే. ఐసీఎంఆర్–ఇండియాబ్ వారే 2025లో దేశం తిండి మీద ప్రచురించిన విశ్లేషణ మన శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని తేల్చింది. బియ్యం తీసి గోధుమో చిరుధాన్యమో పెట్టి, మొత్తం పిండిపదార్థం మాత్రం తగ్గించకపోతే ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. కొంత పిండి స్థానంలో పప్పు, పెరుగు, గుడ్డు వంటి మాంసకృత్తులు వస్తే తగ్గింది. పైన చెప్పిన ఇక్రిశాట్ మాటకూ దీనికీ వైరం ఉందని నేననుకోను. జొన్న మంచిదే, నాలుగు రొట్టెలు ఆరైతే ఆ మంచి కరిగిపోతుంది. కాబట్టి చెప్పవలసింది ‘ఇది తిను, అది మానెయ్’ అనే నిషేధాల పట్టిక కాదు, పళ్లెంలో వాటాలు. అన్నం ఉండనీ, ఒక గరిటె తగ్గనీ, పప్పు చిక్కబడనీ, ఆకుకూర రెండింతలు కానీ. క్యాంటీన్‌లో గుడ్డు దొరికితే తీసుకోమను. చాయ్‌లో చక్కెర ముందుగా తగ్గాలి, ఎందుకంటే నైట్ షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి తాగే నాలుగైదు చాయ్‌ల చక్కెర ఎవరి లెక్కలోకీ రాదు. కాకర రసం, మెంతులు, నేరేడు గింజల పొడి వాడేవాళ్లను కసరనక్కర్లేదు. గోలీ ఆపి వాటినే నమ్ముకోవద్దని, వాటితో పాటు గోలీ వేసుకుంటూ నెలకొకసారి గేజి చూసుకోమని చెబితే ఆ మనిషి మళ్లీ వస్తాడు. కసిరితే రాడు. రాని రోగికి ఏ శాస్త్రమూ పనిచేయదు.

పాదాల గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వెల్లూరులో కుష్ఠు రోగుల మధ్య పనిచేస్తూ ఒక సంగతి కనిపెట్టాడు. వాళ్ల వేళ్లు, పాదాలు పోతున్నది కండ కుళ్లడం వల్ల కాదు, నొప్పి తెలియకపోవడం వల్ల. నొప్పి తెలియని మనిషి మేకు మీద కూడా నడుస్తాడు. అదే పాఠం తర్వాత మధుమేహ రోగుల పాదాలకు వచ్చింది. ఈ పారిశ్రామిక వాడలో ఆ పాఠం సేఫ్టీ బూటు దగ్గర మొదలు కావాలి. ఉక్కు ముక్కు ఉన్న ఆ బూటు సైజు చాలకపోయినా ఇచ్చిందే వేసుకోవడం కాంట్రాక్టు కూలీకి అలవాటు. ఎనిమిది గంటలు, ఓటీ ఉంటే పన్నెండు గంటలు, వేలు ఒరుసుకుంటూనే ఉంటుంది, తిమ్మిరెక్కిన పాదానికి తెలియదు. వేసుకునే ముందు బూటులో చెయ్యి పెట్టి చూడటం, తీశాక అరికాలు అద్దంలో చూసుకోవడం, పుండు కనిపిస్తే ఆ రోజే చూపించుకోవడం. వీటికి పైసా ఖర్చు లేదు. సరైన సైజు బూటు ఇవ్వడం మాత్రం కంపెనీ చేయాల్సిన పని.

ఇప్పుడు గట్టి అభ్యంతరానికి వస్తాను. తెలిసినంత మాత్రాన ఎవరు మారతారు, పొగాకు హానికరమని డబ్బా మీదే ఉంటుంది కదా అంటారు. ఈ మాటకు లెక్కల బలం కూడా ఉంది. టైప్ 2 రోగులకు స్వీయనిర్వహణ నేర్పిన ప్రయోగాలను కలిపి 2002లో చేసిన విశ్లేషణలో, నేర్పిన వెంటనే హెచ్‌బీఏ1సీ 0.76 శాతం మేర తగ్గింది. కొన్ని నెలలకు ఆ లాభం 0.26కు జారిపోయింది. అంటే నేర్పినది ఆవిరవుతుంది. ఇదే లెక్క మరో వైపు నుంచి చదివితే నాకు కనిపించేది వేరు. ఒక శాతం తగ్గడానికి రోగితో గడపవలసిన సమయం 23.6 గంటలని అదే విశ్లేషణ అంచనా. 1998లో వెలువడిన బ్రిటన్ దీర్ఘకాల అధ్యయనంలో హెచ్‌బీఏ1సీ 7.9కు బదులు 7.0 ఉన్నవాళ్లలో, అంటే ఒక శాతం కన్నా తక్కువ తేడాతోనే, కళ్లూ కిడ్నీల వంటి సన్న రక్తనాళాల జబ్బులు నాలుగో వంతు తగ్గాయి. ఇంత విలువైన ఒక శాతానికి ఇరవై నాలుగు గంటలు కావాలంటే, ప్రపంచ జనాభాలో సగం మంది ఉండే దేశాల్లో డాక్టరు ఒక రోగికి ఇచ్చేది 5 నిమిషాలో ఇంకా తక్కువో. మనం అసలు నేర్పనే లేదు, నేర్పితే ఫలితం లేదని తీర్పు చెబుతున్నాం. నేర్పినది జారిపోతుందంటే నేర్పడం దండగని కాదు, ఒకసారితో సరిపోదని. గోలీ ప్రభావం కూడా మర్నాటికి జారిపోతుంది, అందుకని గోలీ దండగ అనం కదా, రోజూ వేసుకోమంటాం.

మళ్లీ మళ్లీ గుర్తుచేయడానికి పెద్ద ఖర్చు కానక్కర్లేదని దక్షిణాదిలోనే రుజువైంది. చెన్నైకి చెందిన ఎ. రామచంద్రన్ బృందం ఉద్యోగాలు చేసుకునే 537 మంది మగవాళ్లను రెండేళ్లు గమనించి 2013లో ఫలితాలు ప్రకటించింది. వాళ్లంతా మధుమేహం గడప మీద ఉన్నవాళ్లు. సగం మందికి మామూలు సలహా మాత్రమే ఇచ్చి, మిగతా సగం మందికి ఫోన్లో చిన్న సందేశాలు పంపుతూ వచ్చారు. మామూలు సలహా పొందినవాళ్లలో 27 శాతం మందికి జబ్బు వచ్చింది, సందేశాలు అందినవాళ్లలో 18 శాతం మందికి. ఇది జబ్బు రాకముందు సంగతి, వచ్చాక ఇంతే ఫలితం ఉంటుందని నేను వాదించను. పనిచేసే మగవాళ్లు వినరు, మారరు అనే మాట మాత్రం దీని ముందు నిలవదు. అయితే ఏ భాషలో పంపాలి? పాశమైలారం గదుల్లో నారాయణఖేడ్ నుంచి వచ్చిన వాళ్లతో పాటు ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. జహీరాబాద్ ప్రాంతంలోనే మాచ్‌నూర్‌లో 2008 నుంచి పల్లె మహిళలు నడుపుతున్న సంఘం రేడియో చూపించింది ఇదే: సొంత యాసలో సొంతవాళ్లు చెబితే వినేవాళ్లకు కొదవ లేదు. షుగర్‌ను అదుపులో పెట్టుకున్న తోటి ఆపరేటరు ఒడియాలో చెప్పే పది నిమిషాలు, అర్థంకాని భాషలో వేసిన రంగుల పుస్తకం కన్నా దూరం పోతాయి.

ఇంకొక అభ్యంతరం నాకు మరింత విలువైనదిగా తోస్తుంది. జబ్బును రోగి చేతిలో పెడితే తప్పు కూడా అతని నెత్తినే పడుతుంది కదా? వేళకు తినని నేరం, నడవని నేరం, నిద్రపోని నేరం? ఈ భయం న్యాయమైనదే. షిఫ్టు అతను రాసుకున్నది కాదు, క్యాంటీన్ కూర అతను వండింది కాదు. షుగర్ ఉందని తెలిస్తే కాంట్రాక్టరు రేపటి నుంచి రావద్దంటాడేమోనని దాచుకునే మనిషికి లాగ్‌షీటు ఇచ్చి ప్రయోజనం ఏమిటి? అందుకే నేర్పే పని ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగకూడదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ ఉండాలంది. అంతటితో ఆగకుండా దాని నిర్వహణ కమిటీలో కార్మికులకు ప్రాతినిధ్యం ఉండేలా నియమాలు చేయవచ్చని కూడా చెప్పింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ హద్దును కాంట్రాక్టు కూలీలతో కలిపి 100 మందికి దించింది. తన షుగర్ లెక్క తెలిసిన కార్మికుడు ఆ కమిటీలో కూర్చుంటే రాత్రి రెండింటి భోజనంలో పప్పు ఎంత, అన్నం ఎంత అని అడగగలడు. చక్కెర లేని చాయ్ ఫ్లాస్కు ఒకటి పక్కన పెట్టమనగలడు. ఒక వారంలోనే రెండుసార్లు షిఫ్టు మార్చవద్దని కారణం చూపించి అడగగలడు. జ్ఞానం బాధ్యతను పెంచుతుంది నిజమే, అడిగే నోటిని కూడా ఇస్తుంది.

దీనికి డబ్బు ఎవరిస్తారంటే, కొంత ఇప్పటికే వసూలవుతోంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న కార్మికుడి జీతంలో 0.75 శాతం, యజమాని వాటాగా 3.25 శాతం ఈఎస్‌ఐకి పోతాయి. కాబట్టి డిస్పెన్సరీలో అతను దానం అడగడం లేదు. అక్కడ డాక్టరు తీరికను సాగదీయమని కూడా నేను అనడం లేదు, ఆ గది బయట ఇప్పటికే ఎంత వరస ఉంటుందో అందరికీ తెలుసు. కావలసింది ఆ గది పక్కన ఒక కుర్చీ, అందులో శిక్షణ పొందిన ఒక నర్సు. షుగర్ రోగి లోపలి నుంచి చీటీ పట్టుకుని రాగానే ఆమె ముందుగా అడగవలసిన మాట ఈ వారం ఏ షిఫ్టు అని. తర్వాత డాక్టరు ఒప్పుకున్న ప్రకారం 1–0–1 కింద మూడు గడులు గీసి, ఒక్కో షిఫ్టుకు తిండి ఎప్పుడో, గోలీ ఎప్పుడో, నిద్ర ఎప్పుడో అతని చేతనే చెప్పించి రాయాలి. మరుసటి నెల అదే కాగితం తీసి ఎక్కడ కుదరలేదో చూడాలి. అతను కూలి పోగొట్టుకోకుండా రావాలంటే ఆ కుర్చీ వారానికి రెండు రోజులైనా సి షిఫ్టు దిగే వేళకు, పొద్దున ఆరున్నరకే తెరిచి ఉండాలి.